నూలుపోగు చెప్పిన దూరము

అమెరికాలో బిడ్డలున్న ఇండ్లు మా చిలకలూరిపేటలో నానాటికి పెరుగుచుండుటచే, శంషాబాదు మొదలు షికాగో వరకు గల దూరమును గూర్చిన ప్రసంగము కోటప్పకొండ ప్రభల ప్రసంగము వలెనే అరుగుల మీద సాగుచున్నది. 2021 జనవరిలో ఎయిరిండియావారు హైదరాబాదునుండి షికాగోకు నేరుగా విమానము నడుప మొదలిడిన దినములలో మా వీధి పిన్నిగారు నాతో అన్న మాట ఇది: “మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కి సాయంత్రం అయిదింటికల్లా దిగిందిరా మా కోడలు. మనం బస్సులో హైదరాబాదు పోవటానికీ అంతే గదా!”

టిక్కెట్టుపై నుండు రెండు వేళలు రెండు ఊళ్ల వేళలు. శీతకాలమున షికాగో గడియారము మనదానికంటె పదకొండున్నర గంటలు వెనుకబడి యుండును గనుక, ఆమె లెక్కించిన అయిదు గంటలకు దానిని కూడినగాని పదహారున్నర గంటల అసలు ప్రయాణము తేలదు.

ఇంతకంటె లోతుగా నాటుకొన్న అపోహ, గోడకు వ్రేలాడు పటము కల్పించినది. అమెరికా పడమట నున్నదని పటము చెప్పగా, విమానము అరేబియా మీదుగా, అట్లాంటికు మీదుగా తిన్నగా పడమటికే పోవునని మనము నమ్ముదుము. గుండ్రని భూమిని బల్లపరుపుగా పరచిన పటమున సరళరేఖ దగ్గరి దారి కానేరదు. బడిలోని గోళమును తెచ్చి, మా ఊరి మిల్లులో వడికిన నూలుపోగు కొసను హైదరాబాదుపై అదిమి, రెండవ కొసను షికాగో వద్ద బిగించి లాగితిని. పోగు పడమటికి పోలేదు. ఇంచుమించు ఉత్తరముఖముగా జారి, కజకిస్తానును, ఉరల్ పర్వతములను దాటి, ధ్రువసముద్రమెక్కి, గ్రీన్‌లాండు మీదుగా క్రిందికి దిగెను. ఆ పోగు కొలత సుమారు 13,280 కిలోమీటర్లు. గాలిని, ఆయా దేశముల అనుమతులను బట్టి విమానములు దీనికి ఇటునటు తొలగిపోవుట కలదు.

భూమి తూర్పునకు తిరుగుచున్నది గదా, విమానము ఆకాశమున నిలిచిన చాలును, అమెరికాయే క్రిందికి వచ్చునని వాదించు కుర్రవాండ్రును కలరు. మన అక్షాంశమున నేల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగమున తిరుగుచుండగా, గాలియు దానితోడనే తిరుగును. తిరుగనిచో ఆ వేగపు పెనుగాలికి మన యింటి కప్పు ఒక్కటియు నిలువదు.

దూరము తగ్గిన కాలమును తగ్గునన్నది మాత్రము చదువుకొన్నవారి అపోహ. ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటికు మీది త్రోవ సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో ఎయిరిండియా విమానము ఆ త్రోవ విడిచి పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు ఎగిరి, దాదాపు పదునాలుగున్నర గంటలలో, పాతత్రోవకంటె ముందుగానే చేరినది. పది కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు, ఒక్కొక్కయెడ గంటకు 200 కిలోమీటర్లను మించి వీచు జెట్ స్ట్రీమ్ అను వాయుప్రవాహము దానిని వెనుకనుండి నెట్టినది. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవానికి ఈ విషయము వేరుగా చెప్పనక్కరలేదు.

ఇదంతయు విన్న పిన్నిగారు పోగును తీయనీయలేదు. షికాగో కొసను బొటనవ్రేలితో అదిమిపట్టి, కండ్లద్దములు సవరించుకొని, పోగు క్రింద గ్రీన్‌లాండును చూపి, “ఈ తెల్లటిదంతా మంచేనా? పిల్ల దీని మీదుగానే పోయిందా?” అని అడిగిరి.