స్కానర్ కొనబోవువారికి

1930 ప్రాంతమున అమెరికాలో తయారైన కొన్ని ఇంటి రేడియోల ముఖఫలకముపై, పాటలు వినవచ్చు అంకెలకు కొంచెము ఎగువన ‘పోలీసు’ అను మాట అచ్చువేసి యుండెడిది. 1928లో డెట్రాయిట్ నగర పోలీసులు తమ కార్లకు రేడియో మూలమున కబురు పంపుట ఆరంభించిరి. తరువాత అనేక నగరములు ఆ దారి పట్టినవి. ఆ ప్రసారములు మీడియం వేవ్‌కు దాపుననే యుండుటచే, ముల్లును కాస్త జరపిన గృహస్థునకు ఏ వీధిలో దొంగలు పడిరో తెలిసెడిది.

నేడు పని అంత సులువు కాదు. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు శాఖలు చాల ఎగువ పౌనఃపున్యములకు తరలిపోయినవి. ఒక్కొక్క కౌంటీలో పదులకొలది చానళ్లు కలవు. ఏది ఎప్పుడు పలుకునో ముందుగా తెలియదు. స్కానర్ అను రేడియో ఆ చానళ్లను ఒకదాని వెంట ఒకటిగా అతివేగముతో తడవి చూచి, మాట వినబడిన చోట ఆగును. మాట ముగియగనే మరల బయలుదేరును. అది వినుటకే గాని బదులు చెప్పుటకు పనికిరాదు.

దీని అవసరము కాలిఫోర్నియా కొండవాలులలో నివసించువారికి బాగుగ తెలియును. 2018 నవంబరు 8వ తేదీ ఉదయమున పారడైజ్ అను పట్టణమును కార్చిచ్చు చుట్టుముట్టినది. ఆ అగ్నికి 85 మంది బలియైరి. ఊరు విడువుడను హెచ్చరిక అనేకుల ఫోనులకు అందనే లేదు. తెలుగువారు అధికముగ స్థిరపడిన శాన్ హోసే తూర్పు కొండలును 2020 ఆగస్టులో పిడుగులు పడి తగులబడినవి. అట్టి చోట ఇల్లున్నవాడు స్కానర్ కొనదలచుట వింత కాదు.

అయితే అంగడికి పోవుటకు ముందే, తన కౌంటీలో ఏ శాఖ ఏ పద్ధతిలో మాటలాడుచున్నదో విచారింపవలెను. అభిరుచి గలవారు కూర్చిన పట్టికలు ఇంటర్నెట్టులో దొరకును. ఈ పని చేయనివాడు వందల డాలర్లు పోసియు మౌనమునే కొని తెచ్చుకొనవచ్చును. కాలిఫోర్నియా అటవీ అగ్నిమాపక శాఖ నేటికిని 151 మెగాహెర్ట్జుల ప్రాంతమున పాత తరహా ఎఫ్.ఎం. ప్రసారములనే విరివిగ వాడుచున్నది. కార్చిచ్చు సంగతి మాత్రమే కావలసినవానికి చవుక స్కానరే చాలును.

నగర శాఖల సంగతి వేరు. అనేకచోట్ల వారిది ‘ట్రంకింగ్’ పద్ధతి. సత్రములో ఏ కుటుంబమునకును శాశ్వతముగ గది ఉండదు. వచ్చినవారికి ఖాళీ గదిని గుమాస్తా చూపును. ఇచ్చట చానళ్లు గదులు. కంట్రోలు చానలు గుమాస్తా. ఆ గుమాస్తా మాటను వినగల స్కానరే ఒక సంభాషణను విడువక వెంబడింపగలదు. పైగా మాట అంకెలుగ మారి, ‘పి-25’ అను డిజిటల్ పద్ధతిలో పోవుచుండును. పాత స్కానరుకు అది గరగరయే. ఆ పద్ధతి రెండవ దశలో ఒకే చానలును రెండు సంభాషణలు కాలము పంచుకొని వాడుకొనును. మొదటి దశకు మాత్రమే చేసిన యంత్రము అచ్చట మూగపోవును. ఇంకొక చిక్కు కలదు. అనేక గోపురములు ఒకే మాటను ఒకే క్షణమున ఒకే పౌనఃపున్యముపై పంపునప్పుడు, ఆ తరంగములు కొద్ది తేడాతో చేరి ఒకదానినొకటి చెరచును. ఖరీదైన స్కానర్లును దీనికి తడబడెడివి. 2018లో యూనిడెన్ సంస్థ తెచ్చిన ఎస్‌డిఎస్-100 ఈ చిక్కును దృష్టిలో నుంచుకొని చేసినదే; దాని వెల మాత్రము గట్టిది.

మాటను రహస్య లిపిలోనికి మార్చి పంపుచున్న శాఖలను ఏ స్కానరును వినిపింపజాలదు. పౌరుల సొంత వివరములు బహిరంగముగ ప్రసారము కారాదని కాలిఫోర్నియా న్యాయశాఖ 2020 అక్టోబరులో ఆదేశించిన పిదప అనేక పోలీసు శాఖలు ఈ మార్గము పట్టినవి. న్యూయార్కు పోలీసులు 2023లో ఆరంభించిరి. బాధితుని పేరును, చిరునామాను ఊరెల్ల వినుట న్యాయము కాదు, నిజమే. కాని అందుకై తలుపు పూర్తిగ మూయుట నాకు సబబుగ తోచదు. అగ్నిమాపక శాఖలు పెక్కుచోట్ల ఇంకను బహిరంగముగనే మాటలాడుచున్నవి.

కొన్న పిదప ఏరియల్‌ను మరువరాదు. యంత్రముతో వచ్చు పొట్టి రబ్బరు ఏరియల్ కంటె, కిటికీ దాపుననో మిద్దెపైననో నిలిపినది మేలు. అమెరికా వాతావరణ శాఖ హెచ్చరికలు 162.400 మొదలు 162.550 మెగాహెర్ట్జుల వరకు ఏడు చానళ్లలో వచ్చును. స్కానరుతో వానిని వినవచ్చును గాని, నిద్రలో నున్నవారిని మేల్కొల్పుటకు అలారము గల వాతావరణ రేడియోను వేరుగ ఉంచుకొనుట మంచిది. ఊరు విడువుడని అధికారులు ఆజ్ఞాపించిన పిదప స్కానరు ముందు కూర్చుండరాదు.

ఆ దేశమున బహిరంగ ప్రసారములను ఇంటిలో వినుట సామాన్యముగ నేరము కాదు. నేరమునకు తోడుగ వాడుట శిక్షార్హము. న్యూయార్కు వంటి కొన్ని రాష్ట్రములలో అనుమతి లేక కారులో అమర్చరాదు. మన దేశమున పోలీసు ప్రసారములను వినుటకు సామాన్య పౌరునకు అధికారము లేదు. రేడియో యంత్రములను కలిగియుండుటకును నిబంధనలు కలవు. అందుచేత సెలవులకు స్వదేశము వచ్చువారు స్కానరును అక్కడి ఇంటనే విడిచి రావలెను.