వడదెబ్బ ఇంట్లోనూ తగులుతుంది

రోహిణి కార్తెలో గుంటూరు బ్రాడీపేటలో పై అంతస్తు వాటాల్లో అద్దెకున్నవాళ్లను అడిగి చూడండి. అసలు కష్టం మిట్టమధ్యాహ్నం కాదు, రాత్రి పదింటికి అంటారు. బయట వీధిలో కాస్త గాలి ఆడుతుంటే, లోపల గోడకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. ఎండలకు మిర్చి యార్డుకైనా వేసవి సెలవులిస్తారు కానీ ఆ గదిలో మంచాన ఉన్న మామ్మకు సెలవెక్కడిది?

"నీడపట్టున ఉంటే వడదెబ్బ తగలదు." ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారు. అనగానే మనకు ఎండలో పనిచేసే కూలీలే గుర్తొస్తారు. కానీ 2003లో ఫ్రాన్స్‌లో వేడికి దాదాపు 15,000 మంది పోతే వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. పైకప్పు కిందే పడకగది ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువని తర్వాత పరిశోధనల్లో తేలింది. వయసు మీరితే దాహం సరిగా తెలియదు, చెమట తగ్గుతుంది. గుండె జబ్బున్నవాళ్లకు వేడి అదనపు బరువు. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు వేసవి రాకముందే డాక్టరును అడగాలి, సొంతంగా మానేయకూడదు.

"పొద్దుగూకితే ఇల్లు చల్లబడుతుంది." పెంకుటింటికి చెల్లిన మాట ఇది. శ్లాబు పగలంతా ఎండను తాగుతుంది. ఆ వేడి కాంక్రీటు దాటి లోపలి వైపుకు దిగడానికి గంటలు పడుతుంది, అంటే మనం పడకేసే వేళకు పైనుంచి దిగుతూనే ఉంటుంది. రాత్రయినా ఒళ్లు చల్లబడకపోతే నిద్ర లేదు, పగటి అలసట తీరదు. దీనికి మందు ఏసీ కంటే ముందు డాబా మీద ఉంది. తెల్లటి సున్నమో, ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటో వేస్తే వేడి శ్లాబులోకి దిగడమే తగ్గుతుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పేదల ఇళ్ల కప్పులపై తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ దీనికి ఏకంగా ఒక విధానమే తెచ్చింది. 2 డిగ్రీలేనా అనిపిస్తుంది కానీ, ఆ 2 డిగ్రీలు కరెంటు లేని రాత్రి కూడా పనిచేస్తాయి. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, కడుగుతూ ఉండాలి.

"కిటికీలన్నీ తెరిస్తేనే గాలి." రాత్రి, తెల్లవారుజామున నిజం. పొద్దున పది దాటాక తెరిస్తే వడగాలిని ఇంట్లోకి పిలిచినట్టే.

"కూలరు పెడితే తలుపులు బిగించాలి." సరిగ్గా తలకిందులు. కూలరు గాలిలో తేమ నింపుతుంది, అది బయటికి పోయే దారి లేకపోతే గది ఉక్కపోతే. ఎదురు కిటికీ కొంచెం తెరవాలి.

"ఏసీ 18లో పెడితే త్వరగా చల్లబడుతుంది." మామూలు ఏసీ కంప్రెషరు 18కైనా 24కైనా ఒకే వేగంతో తిరుగుతుంది, 18 కోసం మరింత సేపు తిరుగుతుంది, అంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా. కొత్త ఏసీలు ముందే 24 డిగ్రీలకు సెట్ అయి రావాలన్న నిబంధన 2020 నుంచి ఉంది.

ఫ్యాను గదిని చల్లబరచదు, చెమటను ఆరబెట్టి మనల్ని చల్లబరుస్తుంది. గదిలో 40 డిగ్రీలు దాటితే అది తోసేది వేడి గాలే. అప్పుడు ఒళ్లు తడుపుకొని ఫ్యాను కింద ఉండాలి. కొనేటప్పుడు మాత్రం బీఎల్‌డీసీ ఫ్యాను చూడండి. పాతది 75 వాట్లు తినే చోట ఇది 30 వాట్లతో సరిపెడుతుంది.

ఇక "వడదెబ్బకు జ్వరం మాత్ర". అది పనిచేయదు, ఇది జ్వరం కాదు. మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేసి, ఒంటిపై నీళ్లు చల్లి విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇంటి ఓనర్లకు ఒక్క మాట. అద్దె పెంచే ముందు, మార్చిలోపే డాబాకు సున్నం వేయించండి. శ్లాబు మీది, దాని కింద పడుకునేది అద్దెకున్నవాళ్లు.