గద్వాల ఎన్ని జిల్లాలు మారింది? నడిగడ్డ సరిహద్దుల కథ

ఈ ఎపిసోడ్‌లో పాత పాలమూరు జిల్లాకి దక్షిణం వైపు వెళ్దాం. ఒకసారి ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి గద్వాల అని కొట్టండి. పైన కృష్ణా నది, కింద తుంగభద్ర కనిపిస్తాయి. ఆలంపూర్ దాటాక ఆ రెండూ కలిసిపోతాయి. ఈ రెండు నదుల మధ్య నేలనే అక్కడివాళ్లు నడిగడ్డ అంటారు.

ఇప్పుడు చుట్టూ చూడండి. కృష్ణా అవతల వనపర్తి. ఇంకాస్త తూర్పుకి పోతే కొల్లాపూర్, అది నాగర్‌కర్నూల్ జిల్లా. తుంగభద్ర అవతల కర్నూలు, అంటే ఆంధ్రప్రదేశ్. పడమటికి పోతే రాయచూరు, అంటే కర్ణాటక.

1950లో ఆలంపూర్‌లో ఒకాయన పుట్టాడనుకోండి. ఇల్లు మారలేదు, ఊరు దాటలేదు. అయినా మూడు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూశాడు. ఎలాగో చెప్తాను.

ముందు సంస్థానాల కాలం. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు. ఇక్కడి రాజులు నిజాంకి కప్పం కడుతూ తమ ప్రాంతాన్ని ఏలుకునేవాళ్లు. 1800లో నిజాం నదికి దక్షిణాన ఉన్న జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. వాటినే దత్త మండలాలు అన్నారు. అలా తుంగభద్ర రెండు ప్రభుత్వాల మధ్య హద్దయింది.

నిజాం వైపు కూడా జిల్లాలు మారుతూనే ఉన్నాయి. నాగర్‌కర్నూల్ ఒకప్పుడు జిల్లా కేంద్రం. తర్వాత కేంద్రం పాలమూరుకి వెళ్లింది. 1890లో ఆ పాలమూరుకే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అని పేరు పెట్టారు. మరి గద్వాల, ఆలంపూర్? అవి రాయచూరు జిల్లాలో ఉండేవి. అంటే మన ఆలంపూర్ పెద్దాయన పుట్టింది హైదరాబాద్ రాష్ట్రం, రాయచూరు జిల్లాలో.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, రాజధాని కర్నూలు. ఆలంపూర్ వాళ్లకి నది దాటితే ఇంకో రాష్ట్రం రాజధాని! మూడేళ్లు అలాగే గడిచింది. 1956 నవంబర్ 1న భాషను బట్టి రాష్ట్రాలు విడగొట్టారు. రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రానికి పోయింది. తెలుగు మాట్లాడే గద్వాల, ఆలంపూర్ తాలూకాలను మాత్రం విడదీసి, ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ జిల్లాకి కలిపారు.

అయితే భాష లెక్క కుదిరినా నీళ్ల లెక్క కుదరలేదు. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట ఉంది, అందరూ ఆర్డీఎస్ అంటారు. హైదరాబాద్ ప్రభుత్వం మొదలుపెట్టినప్పుడు ఆనకట్ట ఎడమ గట్టు, కాలువ, పొలాలు అన్నీ రాయచూరు జిల్లాలోనే. 1956 తర్వాత కాలువ తల కర్ణాటకలో ఉండిపోయింది. పొలాలేమో ఇటు వచ్చాయి. ఆయకట్టు దాదాపు 87,500 ఎకరాలు, కేటాయింపు 15.9 టీఎంసీలు. కానీ నీళ్లు ముందు కర్ణాటకలో నలభై కిలోమీటర్లకు పైగా పారి, ఆ తర్వాతే మన వైపు రావాలి. ఆనకట్ట కుడి గట్టు ఆంధ్రలో ఉంది. అంటే చిన్న మరమ్మతు కావాలన్నా మూడు రాష్ట్రాలు మాట్లాడుకోవాలి. కాలువ చివరి రైతుకి నీళ్లు అందకపోవడానికి ఇదో పెద్ద కారణం. ఆ లోటు తీర్చడానికే తర్వాత తుమ్మిళ్ల ఎత్తిపోతల కట్టారు.

2014లో తెలంగాణ వచ్చింది. మన పెద్దాయనకి ఇది మూడో రాష్ట్రం. 2016 ఆగస్టు ముసాయిదాలో వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఉన్నాయి, గద్వాల లేదు. గద్వాలలో ఆందోళనలు జరిగాయి. చివరికి 2016 అక్టోబర్ 11న జోగులాంబ గద్వాల పేరుతో జిల్లా వచ్చింది. ఇప్పుడు ఒక తమాషా గమనించండి. 1956కి ముందు కృష్ణా నది ఇక్కడ రెండు జిల్లాల మధ్య హద్దు. అరవై ఏళ్ల తర్వాత కొత్త జిల్లాలతో మళ్లీ అదే నది హద్దయింది.

సరే, ఈ గీతలతో మనకేం పని అంటారా? 2021 మే గుర్తుందా? కోవిడ్ రెండో వేవ్‌లో హైదరాబాద్ ఆసుపత్రులకి వెళ్తున్న అంబులెన్సులను పుల్లూరు టోల్ ప్లాజా దగ్గర ఆపేశారు. పుల్లూరు ఈ జిల్లాలోదే. హైకోర్టు జోక్యం చేసుకున్నాకే దారి తెరుచుకుంది. మామూలు రోజుల్లో ఆలంపూర్ జనం కర్నూలుకి వైద్యానికి, షాపింగ్‌కి ఊరి పక్కకి వెళ్లినట్టే వెళ్తారు. అంత అలవాటైన దారిలో కూడా ఒక్క ఆర్డర్‌తో గోడ లేచింది.

ఉద్యోగాల సంగతీ అంతే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా, జోన్ స్థాయి పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జోగులాంబ జోన్‌లోనే ఉన్నాయి కాబట్టి జోన్ పోస్టుకి ముగ్గురూ లోకలే. జిల్లా పోస్టుకి మాత్రం ఎవరి జిల్లా వాళ్లదే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడెక్కడ చదివారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. అందుకే మీ స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి, నోటిఫికేషన్ వచ్చాక పరుగులు పెట్టొద్దు.

ఇంకో చిన్న పని. మీది నడిగడ్డ అయితే, ఇంట్లో పాత భూమి కాగితాలుంటే తీసి చూడండి. జిల్లా అన్నచోట రాయచూరు అని కనిపించవచ్చు. తాతనో నానమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, మిగతా కథ వాళ్లే చెప్తారు. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం.