కాక్రాపార్ పాఠం: దూరం, కవచం

సూరత్ అనగానే మనకు జరీ, వజ్రాలు స్ఫురిస్తాయి. ఆ నగరానికి తూర్పున, తాపీ జిల్లాలో కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రం నెలకొని ఉన్నది. 1993లో దాని తొలి రియాక్టర్ వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించింది. నేడు అక్కడ నాలుగు రియాక్టర్లు ఉన్నాయి. వాటి ఇంధనం హైదరాబాదులోని అణు ఇంధన సముదాయంలో తయారవుతుంది.

హైదరాబాదులో రూపొందిన యురేనియం కడ్డీల కట్టను కార్మికుడు తొడుగులు ధరించి చేతితో పట్టుకొనగలడు. రియాక్టర్‌లో వినియోగమైన పిమ్మట అదే కట్టను మీటర్ల లోతు నీటి అడుగున భద్రపరచవలసి వస్తుంది. అప్పుడు మనిషిని కాపాడేవి దూరం, కవచం.

చిన్న మూలం నుండి కిరణాలు అన్ని దిక్కులకూ విస్తరిస్తాయి. కావున దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగవ వంతుకు, పది రెట్లయితే నూరవ వంతుకు తగ్గుతుంది.

కవచం లెక్క వేరు. కోబాల్ట్-60 గామా కిరణాలను సుమారు 1.2 సెంటీమీటర్ల సీసం సగానికి తగ్గిస్తుంది. మరొక పొర చేర్చితే మిగిలిన దానిలో సగమే పోతుంది. ఇట్టి పది పొరలు దాటి వచ్చేది దాదాపు వెయ్యవ వంతు. మందమైన గోడలో చెదరిన కిరణాలు కూడా కొన్ని బయటకు వస్తాయి గనుక ఇంజనీర్లు ఈ లెక్కకు మించి కడతారు. న్యూట్రాన్లను అడ్డుకొనుటకు సీసం చాలదు. హైడ్రోజన్ గల నీరు, కాంక్రీటు కావాలి.

గోడ ఎంత మందమైనా తీవ్రత పూర్తిగా సున్నా కాదు. అందుచేతనే మన దేశంలో అణు కార్మికునికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టుల పరిమితి విధించారు. దూరం, కవచం, పనివేళల అదుపు కలిసినప్పుడే అతనికి రక్షణ.