ఊరంతా ఖాళీ ఇళ్లే... అద్దెకిల్లు దొరకదు!

అమెరికాలోని ఓ బొగ్గు కౌంటీలో 70 ఏళ్లలో జనాభా ఐదో వంతుకు పడిపోయింది. అంతమంది వెళ్లిపోతే ఇళ్లకేం కొదవ అనుకుంటాం. అక్కడ కరువంతా ఇళ్లకే!

బడిలో టీచరు ఉద్యోగం ఖాయమైంది. జీతం, బీమా కుదిరాయి. ఇక కాపురం పెట్టడానికి ఇల్లు చూసుకోవడమే తరువాయి. కథ అడ్డం తిరిగేది అక్కడే. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం దక్షిణపు కొసన ఉన్న మెక్‌డోవెల్ కౌంటీలో కొత్తగా చేరే టీచర్లకు ఏళ్ల తరబడి ఇదే తంతు. పక్క కౌంటీలోని ప్రిన్స్‌టన్‌లోనో బ్లూఫీల్డ్‌లోనో మకాం పెట్టి, కొండ మలుపుల్లో రోజూ వచ్చిపోవాలి. చలికాలం మంచు పడితే ఆ ప్రయాణం గండమే. ఓపికున్నన్నాళ్లు తిరిగి, వేరేచోట పని దొరకగానే వెళ్లిపోతారు.

2010 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీలో 11,322 ఇళ్లున్నాయి. కాపురాలున్నవి 9,176. అంటే దాదాపు ఐదిళ్లకు ఒకటి ఖాళీ. దేశంలో బాగా చవగ్గా ఇళ్లమ్ముడుపోయే కౌంటీల్లో ఇదీ ఒకటి. మరి టీచరుకు ఇల్లెందుకు దొరకదు?

బొగ్గు కట్టిన ఊళ్లు

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే ఇది బాగా చిన్నది. మెక్‌డోవెల్ విస్తీర్ణం సుమారు 1,380 చదరపు కిలోమీటర్లు. అందులో చదును నేల బహు తక్కువ. రెండు కొండల నడుమ ఓ వాగు, దాని పక్కన రైలుపట్టా, రోడ్డు, మిగిలిన కాస్త జాగాలో వరుసగా ఇళ్లు. 19వ శతాబ్దం చివర నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైలు ఈ లోయల్లోకి వచ్చాక గనులు తెరుచుకున్నాయి. పొగ తక్కువగా వచ్చే ఇక్కడి పోకహాంటస్ బొగ్గంటే నౌకాదళానికీ ఉక్కు కొలుములకూ ప్రాణం. దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతి కార్మికులు, హంగరీ, ఇటలీల నుంచి వలసలు వచ్చి చేరారు. ఇల్లు గని కంపెనీది, దుకాణం కంపెనీది. అద్దె జీతంలోంచే కోసుకునేవారు. పని పోతే ఇల్లూ పోయేది.

1950లో ఇక్కడి జనాభా 98,887. కౌంటీ కేంద్రమైన వెల్చ్‌లో కార్లు పెట్టుకోవడానికి వీధుల్లో చోటు చాలక, 1941లోనే మునిసిపాలిటీ అంతస్తుల పార్కింగ్ భవనం కట్టింది. దేశంలో అలాంటి తొలి భవనాల్లో అదొకటి.

బొగ్గు అయిపోయి జనం వెళ్లిపోయారనుకుంటే పొరపాటు. మొదటి దెబ్బ యంత్రాలది. బొగ్గును తవ్వి, ఎత్తిపోసే యంత్రం వచ్చాక పదిమంది పని ఒకరిద్దరితో అయిపోయింది. గని కార్మిక సంఘం నేత జాన్ ఎల్. లూయిస్ 1950 ఒప్పందంతో యంత్రాలకు అడ్డు చెప్పకుండా, బదులుగా కార్మికులకు మంచి జీతం, వైద్యం, పింఛను రాబట్టారు. పనిలో మిగిలినవాళ్లకు అది మేలే చేసింది. మిగలనివాళ్లు కార్ల ఫ్యాక్టరీలు వెతుక్కుంటూ ఉత్తరాదికి బండెక్కారు. పదేళ్లలో జనాభా 71,359కి దిగింది. పేదలు తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం 1961లో కొత్తగా మొదలుపెట్టిన ఫుడ్ స్టాంపుల పథకంలో, ఆ ఏడాది మే 29న తొలి స్టాంపులు అందుకున్నదీ ఈ కౌంటీ కుటుంబమే. ఇంట్లో పదిహేనుమంది, చేతికొచ్చినవి 95 డాలర్ల స్టాంపులు.

రెండో దెబ్బ ఉక్కుది. 1980లలో ఆ పరిశ్రమ కుంగిపోయి, గ్యారీ ఊళ్లో యూఎస్ స్టీల్ గనులు మూతపడ్డాయి. 1980లో 49,899గా ఉన్న జనం 1990 నాటికి 35,233 అయ్యారు. 2016 జనవరిలో ఈ కౌంటీలోనే కింబాల్ ఊళ్లో ఉన్న వాల్‌మార్ట్ దుకాణం సైతం తలుపులు మూసేసింది. 2020లో లెక్కకు తేలినవాళ్లు 19,111. అందులో ఓ తిరకాసుంది. అమెరికా జనగణనలో ఖైదీలను వాళ్లున్న జైలు చిరునామాకే రాస్తారు. ఈ కౌంటీలో 2010లో ఓ ఫెడరల్ జైలు తెరిచారు. తమ ఇష్టంతో ఉంటున్నవాళ్లు ఆ అంకెకన్నా తక్కువేనన్నమాట.

తాళం వేసిన ఇంటికి ఎవరు దిక్కు?

గనులు తగ్గుముఖం పట్టగానే చాలా కంపెనీలు ఇళ్లను కార్మికులకే అమ్మి చేతులు దులుపుకున్నాయి. చుట్టూ ఉన్న కొండలు, వాటి కింది బొగ్గు మాత్రం వదల్లేదు. కొత్తగా ఇల్లు కట్టుకుందామంటే జాగా ఉన్నది భూముల కంపెనీల గుప్పిట్లో. పాత ఇల్లు కొందామంటే యజమాని ఏనాడో పోయి ఉంటాడు. వారసుల్లో ఒకరు ఒహైయోలో, ఇంకొకరు నార్త్ కరోలినాలో. అందరూ సంతకాలు పెడితే తప్ప ఆ ఇల్లు సులువుగా చేతులు మారదు. ఈలోగా పైకప్పు కారుతుంది, నేలపలకలు కుళ్లుతాయి, రాగి పైపులను దొంగలు పీక్కుపోతారు. లెక్కల్లో మాత్రం అదింకా ‘ఇల్లే’.

నీళ్లదీ అదే గతి. కంపెనీల కాలం నాటి గొట్టాలు తుప్పుపట్టి, కీస్టోన్ ఊళ్లో దాదాపు పదేళ్లపాటు నీళ్లు కాచుకునే తాగాల్సి వచ్చింది. చాలా ఇళ్ల మురుగు నేరుగా వాగులోకే పోతుంది.

అన్నిటినీ మించిన చిక్కు ధరలదే. ఇల్లు చవగ్గా రావడం కొనేవాడికి వరమనుకుంటాం. ఇక్కడ అదే శాపం. కొత్త ఇల్లు కట్టడానికయ్యే ఖర్చు, కట్టాక దానికి పలికే ధరకన్నా ఎక్కువ. ఆ తేడాకి ఏ బ్యాంకు అప్పిస్తుంది? ఏ బిల్డరు ముందుకొస్తాడు? పాత ఇంటికి మరమ్మతుల విషయంలోనూ అంతే. ఈ ముడిని మార్కెట్ తనంతట తాను విప్పుతుందని నేననుకోను. ఇక్కడ విప్పడానికి పూనుకున్నది ఓ ఉపాధ్యాయ సంఘం! అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ 2011లో ‘రీకనెక్టింగ్ మెక్‌డోవెల్’ పేరుతో అడుగుపెట్టి, విరాళాలూ ప్రభుత్వ నిధులూ పోగేసి, వెల్చ్‌లో టీచర్ల కోసం ‘రినైజాన్స్ విలేజ్’ అపార్టుమెంట్లు కట్టించింది. ఒక్క భవనం లేవడానికి ఏళ్లూపూళ్లూ పట్టింది.

వాగులూ ఊరుకోవడం లేదు. 2001, 2002ల్లో వరుసగా, మళ్లీ 2025 ఫిబ్రవరిలో వరద ముంచెత్తింది. వరద నేలలోని ఇంటిని ప్రభుత్వం పరిహారమిచ్చి కొని కూల్చేస్తే, ఆ జాగాను ఎప్పటికీ ఖాళీగానే ఉంచాలన్నది నిబంధన. ప్రాణాలు దక్కాలంటే అది సబబే. కానీ అసలే అరకొరగా ఉన్న చదును నేల అలా ఇంకాస్త తరిగిపోతోంది.

మరోవైపు కొత్త గిరాకీ ఒకటి వచ్చింది. గనుల కొండల మీది హాట్‌ఫీల్డ్-మెకాయ్ మట్టిబాటల్లో ఏటీవీ బళ్లు (ఎగుడుదిగుడు నేల మీద నడిచే చిన్న బళ్లు) నడిపే సరదారాయుళ్లు వారాంతాల్లో దిగుతున్నారు. వాళ్లకోసం కొందరు పాత ఇళ్లకు రంగులేసి, మంచాలు పరిచి, రోజువారీ అద్దెకిస్తున్నారు. మూడు రాత్రుల అద్దె ఒక్కసారే చేతికొచ్చేటప్పుడు, టీచరిచ్చే నెల అద్దె కోసం ఏ ఇంటాయన ఎదురుచూస్తాడు?