మాస్టారికి రాని లెక్క

తెలుగువాడికి పదమూడంటే పది మీద మూడు. సవర గిరిజన పిల్లాడికి పన్నెండు మీద ఒకటి. ముప్పై మూడైతే ముందు ఇరవై, దాని మీద పన్నెండు, ఆ పైన ఒకటి. సీతంపేట ఏజెన్సీకి కొత్తగా వచ్చిన మాస్టారు ఇది తెలియకుండా బోర్డు మీద 13 వేసి పదులు, ఒకట్లు అని మొదలుపెడితే పిల్లలు బిక్కమొహం వేస్తారు. వాళ్లకు లెక్కలు రావనుకుంటాడాయన. రానిది తనకే!

బహుళ సంస్కృతుల విద్య అనే బరువైన పేరు వెనకున్న సంగతి ఇదే. పాఠం చెప్పబోయే ముందు పంతులు పిల్లల దగ్గర నేర్చుకోవలసింది కొంత ఉంటుంది.

గిడుగు రామమూర్తి అలాగే నేర్చుకున్నారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన మనకు తెలుసు కానీ, ముందు ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష పట్టారు. సవర ముండా కుటుంబపు భాష. తెలుగు ఆసరాతో ఊహించి నెట్టుకొద్దామంటే కుదరదు. కొండల్లో తిరిగితే మలేరియా వచ్చింది, క్వినైన్ మింగితే చెవుడు వచ్చింది. వినికిడి మీదే ఆధారపడిన పనికి చెవులే మూల్యం! అయినా ఆగలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు కూడా పెట్టారు.

ఆదిలాబాద్‌లో దారి వేరు. గోండు నాయకుడు కొమురం భీం నిజాం మీద చేసిన పోరాటం తర్వాత గోండుల స్థితిగతులు చూడమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం తెరిచి, గోండు యువకులనే పంతుళ్లను చేశారు. వాచకాలు గోండిలో, లిపి దేవనాగరి.

ఆరు దశాబ్దాల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చింది. మంచి పనే. కానీ ఆ భాష రాని టీచరు చేతిలో వాచకం బీరువా దాటదు. పుస్తకాల్లో లేనివీ ఉంటాయి. కందికొత్త పండగ జరిగేదాకా సవరలు కొత్త కంది నోట పెట్టరు. పండగనాడు బడి బోసిపోతే హాజరుపట్టీ ముందేసుకుని విసుక్కోవచ్చు, లేదా ఊళ్లోకి నడిచి ఏం జరుగుతోందో చూడొచ్చు. రెండోది చేసిన టీచరుకు మర్నాటి పాఠం దొరికినట్టే.

ఏటా ఆగస్టు 29న, గిడుగు పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. ఏజెన్సీ బడుల్లోని మాస్టార్లూ, ఈసారి ఆ వేదిక మీద ఒక సవర పిల్లాడిచేత వాళ్ల అంకెలు చెప్పించండి.