నల్లోళ్ల పాట, నల్లోళ్ల కంపెనీ

పాట నల్లోళ్లది, లాభం తెల్ల కంపెనీది. అమెరికాలో ఈ లెక్క తిరగరాయాలని హ్యారీ పేస్ అనే నల్లజాతి వ్యాపారి 1921లో న్యూయార్క్‌లోని హార్లెంలో 'బ్లాక్ స్వాన్' గ్రామఫోన్ రికార్డుల కంపెనీ పెట్టాడు. నల్లజాతి మేధావి డుబోయిస్ డైరెక్టర్లలో ఒకరు. ఎథెల్ వాటర్స్ పాడిన బ్లూస్ పాటలు ఆ ఏడాదే బాగా అమ్ముడుపోయి కంపెనీని నిలబెట్టాయి.

పేస్ మనసు మాత్రం బ్లూస్ మీద సగమే. నల్లోళ్లు ఒపెరా కూడా పాడగలరని లోకానికి చూపించాలని ఆయన పట్టుదల. ఆ పట్టుదలని మేము తప్పుపట్టం. కానీ బెస్సీ స్మిత్ వస్తే, గొంతు మరీ మోటుగా ఉందని వద్దన్నారు. డప్పు దెబ్బని గోల అనే మన చదువుకున్నోళ్లు గుర్తుకు రావటం లేదూ? 1923లో కొలంబియా అనే తెల్ల కంపెనీ ఆమెని తీసుకుంది. మొదటి రికార్డే లక్షల్లో పోయింది.

ఈలోగా బ్లాక్ స్వాన్ రికార్డులు అచ్చొత్తే ఫ్యాక్టరీ కొన్నది. తెల్లోళ్ల పాటలనే పేర్లు మార్చి తన లేబుల్‌తో అమ్మింది. రేడియో వచ్చి రికార్డుల గిరాకీ పడిపోయింది. పెద్ద కంపెనీలు బ్లూస్ బజారులోకి దిగాయి. 1923 చివర్లో దివాలా. 1924లో దాని రికార్డులు పారమౌంట్ చేతికి పోయాయి. ఆ పారమౌంట్‌ని నడిపింది విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే ఓ తెల్ల కంపెనీ.